గురువారానికి వచ్చిన నోటీసు

ఎపిఫానియా బైలోన్ అబద్ధాలాడుతుందని మా ఊరు అకపుల్కోలో అందరికీ తెలుసు. ఆవిడ చేతి పొసోలే పులుసు తినడానికి వచ్చేవాళ్లలో సగం మంది ఆ అబద్ధాల కోసమే వచ్చేవారు. కలేటా బీచి వెనకాల ఏటవాలు గల్లీలో రేకుల కప్పు కింద ఎనిమిది బల్లలు, ఒక కట్టెల పొయ్యి, నిండితే ఇద్దరు పట్టి ఎత్తితే గాని లేవని కుండ. వీటితో పాటు ఒక పచ్చరంగు కుర్చీ. ఆ కుర్చీలో గతంలో ఎవరు కూర్చున్నారన్నది అడిగినవాడి మొహాన్ని బట్టి మారేది. ముసలి అమెరికా జంట అడిగితే హాలీవుడ్ కథానాయకుడు, పెళ్లాం అలిగిందని అందులో కూర్చుని ఏడ్చాడు. స్పెయిన్ వాళ్లు అడిగితే ఎద్దులతో పోరాడే వీరుడు. మాటకారి కాని కుర్రాడు పిల్లని వెంటేసుకుని వస్తే, ఆ కుర్చీలో కూర్చుని పెళ్లికి అడిగినవాణ్ణి కాదన్న పిల్ల లేదు. మూతపడ్డ మంగలి షాపులోంచి ఆవిడ దాన్ని మోసుకొచ్చిన రోజు గల్లీ అంతా చూసింది. అయినా ఎవరూ నోరెత్తలేదు.

ఫానియా పదహారేళ్లప్పుడు దక్షిణపు తీరం నుంచి బస్సులో వచ్చింది, ఒళ్లో వాళ్లమ్మ కుండ పెట్టుకుని. అది 1956. అప్పటికే సినిమావాళ్లు కొండ కొమ్ముల మీద బంగళాలు కట్టుకుని, మా జాలర్లు ఏళ్ల తరబడి చూసి విసిగిపోయిన సూర్యాస్తమయాన్ని కొత్తగా కనిపెట్టినట్టు చూస్తున్నారు. ఆ రోజుల్లో పొద్దున స్నానానికి కలేటా, సాయంత్రానికి ఓర్నోస్ బీచి. తర్వాత పెద్ద రోడ్డు పడింది, ఇరవై అంతస్తుల హోటళ్లు లేచాయి, టూరిస్టులు అటు పోయారు. ఆ తర్వాత ఇంకా అవతల, విమానాశ్రయం వైపు. ఊరంతా వాళ్ల వెనకే అఖాతం చుట్టూ పరిగెత్తింది. ఫానియా మాత్రం పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. కదిలితే పులుసు అడుగంటుతుందని చెప్పేది.

గురువారం మధ్యాహ్నం పొసోలే తినడం మా ఊళ్లో ఆచారం కాదు. ఆచారమైతే ఎవడో ఒకడు తప్పేవాడు. గురువారం ఒంటిగంట కొట్టిందంటే బ్యాంకులో గుమస్తా ఉండడు, పంటి డాక్టరు ఉండడు. సున్నపు నీళ్లలో ఉడికించి పొట్టు తీసిన మొక్కజొన్న, గుమ్మడి గింజలు నూరి పోసిన పచ్చటి పులుసు, పైన అవకాడో, కరకరలాడే పంది తోలు, నిమ్మకాయ, పక్కన చిన్న గ్లాసులో మెస్కాల్ సారా. సాయంత్రం దాకా లేచే పని లేదు.

ఫానియాకి ఒక్కటే లోటు. ఆ చోటు తనదని చెప్పే కాగితం ముక్క లేదు. గల్లీలో ఎవరికీ లేదు. కొండ మీద ఖాళీ కనిపించిన చోట కట్టుకున్నారు, స్తంభానికి కొక్కెం తగిలించి కరెంటు లాక్కున్నారు. కాగితం లేనివాడి ఇల్లు గాలివాటు ఇల్లే. అది ఆవిడకి తెలుసు. ఎన్ని అబద్ధాలాడినా ఆ సంగతి మీద మాత్రం ఎప్పుడూ నవ్వేది కాదు.

1980లో ఆ నోటీసు రానే వచ్చింది. పైన ఉన్న హోటలువాళ్లకి బీచిలోకి మెట్లు కావాలి, మెట్లకి దారి ఫానియా పొయ్యి మీదుగా కావాలి. తెచ్చినవాడు లియోబార్దో, రాజధాని నుంచి కొత్తగా దిగిన ముప్ఫై ఏళ్ల ఆఫీసరు. ఆ ఎండలో టై కట్టుకున్న మనిషి ఊరు మొత్తానికీ ఆయనొక్కడే. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఖాళీ చేయించబడును, అని ఉంది అందులో. ఫానియా చదివి పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక కుండ పక్కన నేల మీద కూర్చుండిపోయింది. ఇరవై నాలుగేళ్ల బతుకు ఆ చోటు మీదే ఉంది. అది పోతే వెళ్లడానికి ఆవిడకి ఇంకో చోటు లేదు.

కూల్చే పనికి మేస్త్రీ నికాసియో. ఆఫీసులో లియోబార్దోకి నచ్చచెప్పబోయాడు.

"గురువారం వద్దు సారూ, శుక్రవారం పెట్టండి."

"గురువారానికేం వచ్చింది? పండగా?"

"పండగైతే సెలవన్నా ఇచ్చేవాళ్లు కదండీ. ఇది పండక్కంటే ఎక్కువ."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆయన వినలేదు. ఒంటిగంటకి ఆరుగురు మనుషులతో, గునపాలతో గల్లీ ఎక్కాడు. అప్పటికే ఏడు బల్లలు నిండి ఉన్నాయి. ఎనిమిదోది ఫానియా ఖాళీగా అట్టే పెట్టింది. ఆ వారం మొక్కజొన్న కూడా రెట్టింపు పోసింది.

"రా నికాసియో, రా. మీ ఆవిడ నడుం నొప్పి తగ్గిందా? గునపాలు ఆ మూల పెట్టండి, తినేవాళ్ల కాళ్లకి తగుల్తాయి."

"పిన్నీ, మేం తినడానికి రాలేదే," అన్నాడు నికాసియో, కళ్లు కుండ మీద పెట్టి.

"తెలుసులేరా. కూల్చేవాడికి ఆకలెయ్యదా ఏం?"

నికాసియో టోపీ తీసి ఆఫీసరు వైపు తిరిగాడు. "సారూ, పొయ్యి మీద కుండ ఉడుకుతుండగా ఇల్లు కూల్చకూడదండీ."

"ఏ చట్టంలో ఉంది?"

"చట్టంలో లేదండీ, మా అమ్మ చెప్పింది."

"అయితే కుండ దింపండి!"

"కాలిపోతుందండీ. దింపాలంటే ముందు ఖాళీ అవ్వాలి. ఖాళీ అవ్వాలంటే..." మిగతా మాట అతని మనుషులు నోటితో చెప్పలేదు, బెంచీల మీద కూర్చుని చూపించారు.

లియోబార్దో మొహం కందిపోయింది. సరే, ఈలోగా పంచనామా అయినా రాద్దామని కాగితాలు తీశాడు. ఫానియా పచ్చ కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి సారూ. ఇందులో ఇద్దరు దేశాధ్యక్షులు కూర్చున్నారు."

"ఇద్దరా?"

"ఒకేసారి కాదులెండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని అడగడం మొదలుపెట్టాడు. పూర్తి పేరు? ఎపిఫానియా బైలోన్ రోహాస్. వృత్తి? కనిపిస్తుందిగా. ఎప్పటినుంచి ఉంటున్నావు? ఇరవై నాలుగేళ్లనుంచి. ఇంకెవరైనా యజమానులున్నారా? లేరు. ఆవిడ జీవితంలో వరసగా నాలుగు నిజాలు చెప్పింది ఆ ఒక్క రోజే. ఆయన చిరునామాతో సహా అన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసి, సాక్షి సంతకాలు రెండు కావాలన్నాడు.

మొదటి బల్ల దగ్గరున్న పోస్ట్‌మాన్ రెండు చేతులూ చూపించాడు. "జిడ్డు సారూ. సర్కారు కాగితం పాడవుతుంది. తిన్నాక పెడతా."

రెండో బల్ల మీద పంటి డాక్టరు నోటి నిండా ఉంది, ఊఁ అని తలూపాడు. మూడో బల్లవాళ్లు నిమ్మకాయ పిండుతున్నామన్నారు. లియోబార్దో బల్ల బల్లకీ తిరిగాడు. తిన్నాక, తిన్నాక. తిన్నవాడి గిన్నెలో ఫానియా మళ్లీ గరిటెడు పోస్తోంది. నాలుగింటికి ఆయన టై వదులై, చొక్కా తడిసి, కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ అడక్కుండానే ఆయన ముందో గిన్నె పెట్టింది.

"నేను తినను."

"తినమన్నానా? చూస్తూ ఉండండి."

కాసేపు చూశాడు. తర్వాత ఒక్క చెంచా. ఆ చెంచా నోట్లో పెట్టుకుని ఆయన కళ్లు మూసుకున్నప్పుడు కొట్టంతా ఆయన వైపే తిరిగింది. మూడో గిన్నె అయ్యేసరికి ఆయన టై నికాసియో మెడలో ఉంది. ఆరింటికి పొద్దు గుంకింది. ఉత్తరువు ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. పంచనామా చివర ఆయన తన గుండ్రటి అక్షరాలతోనే రాశాడు: స్థలం మా సిబ్బంది ఆక్రమణలో ఉన్నందున అమలు జరగలేదు. ముద్ర కొట్టి, నిబంధన ప్రకారం ఒక ప్రతి ఫానియా చేతికిచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే ఆవిడ ఆ కాగితం పట్టుకుని కరెంటాఫీసుకి పోయింది, మీటరు కావాలంటూ.

గుమస్తా చదివి, "అమ్మా, ఇది నిన్ను పొమ్మన్న కాగితం," అన్నాడు.

"ఎక్కణ్ణించి పొమ్మన్నారు నాయనా?"

"ఇదిగో, ఈ చిరునామా నుంచి."

"ఎవర్ని?"

"నిన్నే. నీ పేరే ఉంది."

"మరి అక్కడ లేనిదాన్ని పొమ్మంటారా?"

గుమస్తా కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ముద్ర అసలుదే. మీటరు వచ్చింది. మీటరుతో బిల్లు వచ్చింది. మా దేశంలో కరెంటు బిల్లు ఉన్నవాడు మనిషి, లేనివాడు పుకారు. వారం తిరిగేసరికి గల్లీలోని పద్దెనిమిది ఇళ్లవాళ్లు లియోబార్దో ఆఫీసు ముందు బారులు తీరారు.

"మమ్మల్ని కూడా ఖాళీ చేయించండి సారూ! ఆవిడకేనా నోటీసులు? మేమేం పాపం చేశాం?"

ఆయన తల పట్టుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరికీ నోటీసు రాసిచ్చాడు, అన్నీ గురువారానికే. దాంతో ఆయనకి ప్రమోషను రాలేదు, రాజధానికి బదిలీ కూడా రాలేదు. హోటలువాళ్లు ఈలోగా టూరిస్టుల వెనక అవతలికి పోయారు, మెట్ల గొడవే లేకుండా పోయింది. లియోబార్దో మాత్రం ఇక్కడి పిల్లనే చేసుకుని, నలభై మూడేళ్లపాటు ప్రతి గురువారం పచ్చ కుర్చీలో కూర్చున్నాడు. కొత్తవాళ్లకి ఆయన్ని చూపించి, మారువేషంలో ఉన్న గూఢచారి అని చెప్పేది ఫానియా.

మధ్యలో తాగి గంతులేసే కాలేజీ పిల్లల కాలం వచ్చింది, ముఠాల తుపాకుల కాలం వచ్చింది, బీచీలు వెలవెలబోయాయి. కుండ మాత్రం దిగలేదు. అలాంటిది 2023 అక్టోబరులో ఓటిస్ తుఫాను వచ్చింది. బుధవారం తెల్లవారేసరికి రేకులు లేవు, గోడలు లేవు, అద్దం కట్టించి వేలాడదీసిన పంచనామా లేదు, బిల్లులు లేవు. కుండ రెండు గల్లీల కింద బోర్లాపడి దొరికింది. ఎనభై మూడేళ్ల ఫానియా దాని పక్కన కూర్చుని బావురుమంది. అంత ఏడుపు ఆవిడకి ఉందని ఎవరికీ తెలియదు.

మూడు వారాల తర్వాత, గురువారం. ఆకాశమే కప్పు. గుమ్మడి గింజల్లేవు, మాంసం లేదు, ఉత్త తెల్ల పులుసు. తినేవాళ్లు గిన్నెలు ఇళ్లనుంచి తెచ్చుకుని బారులు తీరారు. అప్పుడు నష్టాలు రాసుకోవడానికి ఒకమ్మాయి వచ్చింది.

"అమ్మమ్మా, ఇక్కడ ఇల్లుండేదా? కరెంటు బిల్లుందా?"

"సముద్రాన్ని అడుగు తల్లీ. పచ్చ కుర్చీ కూడా పట్టుకెళ్లింది, అందులో అధ్యక్షులు..." అని మొదలుపెట్టి, ఫానియా ఆగిపోయింది. అబద్ధానికి ఓపిక లేదు.

"రుజువు లేకపోతే రాయలేనమ్మమ్మా. రాయని చోట్లు చదును చేసేస్తారంట. పోనీ ఈ చుట్టుపక్కల ఉండే సాక్షులు ఇద్దరు సంతకం పెడితే చాలు."

బోర్లించిన బకెట్టు మీద కూర్చున్న లియోబార్దో కర్ర పట్టుకుని లేచాడు.

"నా పేరు రాయమ్మా. ఈవిడ 1956 నుంచీ ఇక్కడే ఉంది. నాకు తెలుసు. ఖాళీ చేయించడానికి వచ్చినవాణ్ణి నేనే. ఆ రోజు ఇద్దరు సాక్షుల కోసం మూడు గంటలు తిరిగాను. ఒక్కడు దొరకలేదు."

ఫానియా ఆయన గిన్నె అందుకుని మళ్లీ గరిటెడు పోసింది.

"సరే తాతగారూ, ఒకటి అయింది," అంది అమ్మాయి రాసుకుంటూ. "రెండో సాక్షి ఎవరండీ?"

తింటున్నవాళ్లందరూ గిన్నెలు కింద పెట్టి, గబగబా చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టారు.