ఇసుర్రాయి చూసొచ్చిన రోజు

పిండి పట్టే గిర్ని ముందు వేడి జొన్నపిండి వాసన తగిలితే నాకు ఇప్పటికీ గుండె దడ మొదలవుతుంది.

మూడో తరగతిలో మా టీచరమ్మ మమ్మల్ని ఒక మ్యూజియానికి తీసుకెళ్లింది. అక్కడి ఆవరణలో ఒకామె ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసురుతోంది. మమ్మల్ని కూడా ఒక్కొక్కరినే కూర్చోబెట్టి రాయి తిప్పించారు.

"ఇవి పాతకాలం వాళ్లవి పిల్లలూ. వాళ్లెవరూ ఇప్పుడు లేరు" అంది టీచరమ్మ.

నా చెయ్యి పిడి మీదే ఆగిపోయింది. అలాంటి రాయి మా ఇంట్లో ఉంది. దాని మీద రోజూ విసిరేది మా అవ్వ. అంటే అవ్వ కూడా ఇక ఉండదన్నమాట!

బస్సు పురానాపూల్ దగ్గర దింపగానే చెప్పులు చేత పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. అవ్వ గోడ పక్కన చాప మీద కళ్లు మూసుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. భుజం పట్టి కుదిపాను.

"అవ్వా, లేవే! నువ్వు పోవద్దే!" అని గొంతు పగిలేలా ఏడ్చాను.

చాలాసేపటికి కళ్లు తెరిచింది. "ఏందే బిడ్డా, ఈ లొల్లి?"

వెక్కుతూనే అంతా చెప్పాను.

"ఆడ ఇసిరి చూపిచ్చినామె బతికే ఉన్నది గదనే?"

"ఉన్నది."

"మరి నేనెందుకు పోత? ఫికర్ జెయ్యకు" అంటూ లేచి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, గుప్పెడు జొన్నలు పోసి రాయి తిప్పింది. పిడి మీద నా చేతిని కప్పిన ఆమె చెయ్యి కాలిపోతోంది. రాయి తిప్పితే చేతులు వేడెక్కుతాయేమో అనుకున్నాను.

అవ్వ పగటిపూట ఏనాడూ నడుం వాల్చేది కాదని, ఆ రోజు ఒళ్లు తెలియని జ్వరంలో నా కోసమే లేచిందని చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు.