ఒక్క లెవెల్ వైద్యం

చార్మినార్ దగ్గర మా స్నేహితుడి గాజుల దుకాణం. పైన సరుకు పెట్టుకునే గదిలో ఆదివారాలు మేం నలుగురం పాచికలతో కథల ఆట ఆడేవాళ్లం. ఒకడు కథ నడుపుతాడు, తక్కిన ముగ్గురికీ అందులో తలా ఒక పాత్ర. గాజుల దుకాణం వాడు యోధుడు, మలక్‌పేట నుంచి వెళ్లే నేను దొంగ, బ్యాంకులో పనిచేసే మా స్నేహితురాలు వైద్యురాలు. ఖాళీ గాజుల పెట్టెలే కోటగోడలు. పాచిక పెట్టె మూతలోనే వేయాలి, లేకపోతే మెట్ల మీదుగా దొర్లి కింద బేరమాడే ఆడవాళ్ల కాళ్ల దగ్గర తేలేది.

కథ నడిపేవాడిది గౌలిపుర, పాలవ్యాపారం చేసే ఇల్లు. మనిషి మహా కచ్చితం. చచ్చిన పాత్ర మళ్లీ లేవదని అతని నియమం. నా దొంగంటే నాకు ప్రాణం, ఎన్నో ఆటల నుంచి వాణ్ణి పెంచుకొచ్చాను. అయినా బుద్ధి ఉండేది కాదు. తలుపు కనిపిస్తే చాలు, అందరికంటే ముందు దూరేవాణ్ణి. పడితే లేపడానికి వైద్యురాలు ఉందిగా అని ధీమా.

ఆమెకు వరంగల్ బదిలీ అయింది. ఇక దొంగ పడితే పడ్డట్టే.

అప్పుడే యోధుడికి లెవెల్ పెరిగే రోజొచ్చింది. ఇంకొక్క లెవెల్ యోధుడిగానే ఎక్కితే ఒకే వంతులో రెండు దెబ్బలు కొట్టొచ్చు. దాని కోసమే వాడు నెలల తరబడి కలలు కన్నాడు. తీరా చూస్తే, ఆ లెవెల్ వైద్యుడిగా తీసుకున్నాడు. ఒకే పాత్రలో రెండు విద్యలు కలపొచ్చు, కాకపోతే రెండూ ఆలస్యంగా వంటబడతాయి.

"ఏంది భాయ్ గిట్ల జేస్తివి? గిప్పుడు అటు గాకుంట, ఇటు గాకుంట అయితవ్" అన్నాడు కథ నడిపేవాడు.

నాకు ఒళ్లు మండింది. "మతి పోయిందేంట్రా? ఆ రెండు దెబ్బల కోసం ఇన్నాళ్లూ మా బుర్రలు తిన్నావు కదా!" అని అరిచాను.

మావాడు చాయ్ సాసర్లో పోసుకుంటూ, "ఫికర్ జెయ్యకు, నడువనీ" అన్నాడు. అంతే.

కొన్ని వారాలకు కథలో ఒక సొరంగం వచ్చింది. అలవాటు కొద్దీ నేనే ముందు దూరాను. బల్లెం దిగింది, దొంగ కొనఊపిరితో పడిపోయాడు. ఆట అని తెలిసినా నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడు మావాడు, తన యోధుడు కత్తి కింద పడేసి దొంగ దగ్గర కూర్చున్నాడని చెప్పాడు. వాడికి వచ్చిందే ఒక్క చిన్న వైద్యం. దొంగ కళ్లు తెరిచాడు.

"నువ్వు ఊకె ముందుకు ఉరుకుతవ్. లేపెటోడు ఒకడు గావాలె గద" అన్నాడు మావాడు, నా వైపు చూడకుండా, పాచికలు ఏరుకుంటూ.

ఇప్పుడా గది నిండా సరుకే. ఆ ఆదివారాలు గుర్తొస్తే బెంగగా ఉంటుంది. నేను ఆఫీసువాళ్లతో ఆడుతున్నాను. దేన్ని దేనితో కలిపితే దెబ్బ గట్టిగా పడుతుందో వాళ్లకు కంఠతా వచ్చు. నా మాంత్రికుడికి ఒక లెవెల్ వైద్యం ఉందని చూసి మొన్న ఒకాయన నవ్వాడు. "వేస్ట్ చేశారు సార్, అదెందుకు?"

ఆయన తలుపు కనిపిస్తే ఆగే మనిషి కాదు.

"ఉండనీయండి" అన్నాను.