కొబ్బరి రాశి కింద ఇంటర్నెట్

మా ముక్తేశ్వరంలో టీవీ కేబుల్ వాళ్లే ఇంటర్నెట్ కూడా ఇస్తున్న కొత్త రోజులవి. మా అమ్మాయి సునీత ఇంజనీరింగ్ కాలేజీల ఆప్షన్లు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఆఖరి రోజు, సాయంత్రం ఐదింటికి గడువు. మధ్యాహ్నం నుంచి నెట్ వస్తోంది, పోతోంది. సగం నింపేసరికి పేజీ మాయం!

కేబుల్ సుబ్బారావు వచ్చి మోడెం ఆపి మళ్లీ వేశాడు, పిన్ను మార్చాడు, స్తంభం ఎక్కి దిగాడు.

“ఏం సుబ్బారావూ, మీ నెట్టుకి ఎక్కిళ్లొచ్చేయా ఏంటి? మంచినీళ్లు తాగించమంటావా?” అన్నాను.

“ఆయ్, మా వైపు సిగ్నలు బాగానే ఉందండి” అన్నాడు పాపం.

నాలుగున్నరకి సునీత ఏడ్చేసింది. “నీ జోకులు ఆపు నాన్నా! ఇవాళ పెట్టకపోతే నాకు సీటు రాదు.”

ఎనిమిదితో బడి మానేసినవాణ్ణి, ఆ పెట్టె సంగతి నాకేం తెలుసు?

అంతలో నెట్ వచ్చి నిలబడింది. చూస్తే, పెరట్లో కొబ్బరికాయలు ఒలిచేవాళ్లు అప్పుడే టీకి లేచారు. అప్పుడు గుర్తొచ్చింది. గోడ మీద వైరు అసహ్యంగా ఉందని, దానికి అతుకేసి పెరట్లో నేల మీద పరిచింది నేనే. ఇప్పుడు దాని మీద కాయల రాశి. ఒలిచిన కాయ విసిరినప్పుడల్లా అతుకు కదిలి లైను పోతోంది.

“బాబూ, ఎవరూ కాయ ముట్టుకోకండి!” అని రాశికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

ఐదుకి నాలుగు నిమిషాలుండగా లోపల్నుంచి “పెట్టేశాను నాన్నా!” అని కేక వినిపించింది.

నా వెనకే పెరట్లోకొచ్చిన సుబ్బారావు రాశి కిందకెళ్లిన వైరు చూశాడు, నన్ను చూశాడు. ఒక్క మాటా అనకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఊరందర్నీ ఆటపట్టించే నాకు, ఆటపట్టించే వీలున్నా ఒక మనిషి నన్ను వదిలేస్తే ఎంత సిగ్గేస్తుందో ఆరోజే తెలిసింది.