ముహూర్తం ఎన్నో ఫ్రేములో పడింది

ఇందులో ప్రతి అక్షరం నిజమని హరిశ్చంద్రపురం స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడి ప్రమాణం చేస్తున్నాను. (ఊరి పేరు చూసైనా నమ్మండి. ఇంతకంటే గట్టి ఒట్టు మా జిల్లాలో దొరకదు.) ఆ రోజుల్లో, అంటే పెళ్లి వీడియోలు క్యాసెట్లలోంచి మెమరీ కార్డుల్లోకి అప్పుడప్పుడే మారుతున్న కాలంలో, నాకు ఒకచోట కూర్చోవడం చేతనయ్యేది కాదు. అన్నం నిలబడి తినేవాణ్ని. సినిమా ఇంటర్వెల్ దాకానే చూసేవాణ్ని. టెక్కలిలో కంప్యూటరు కోర్సు చదివినప్పుడు కూడా ప్రోగ్రాము నడుస్తుండగానే లేచి వరండాలో రెండు చుట్లు తిరిగొచ్చేవాణ్ని. అలాంటి నన్ను మా అక్క, పలాసలో వీడియో స్టూడియో నడిపే మా బావకి అప్పగించింది. బావ నన్ను ఎగాదిగా చూసి, "ఈడి కాళ్లల్లో సక్రాలున్నాయి. కేమెరా స్టేండుకి కట్టెయ్యాల" అన్నాడు. కట్టేసి ఉంటే నాకీ కథ ఉండేది కాదు.

జలంత్రకోటలో ఒక పెళ్లి. అమ్మాయి తండ్రికి కొబ్బరి, జీడి తోటలు, అబ్బాయిది బారువ. ముహూర్తం ఉదయం పది ముప్పై నాలుగు నుంచి పది నలభై దాకా. ఆ ఆరు నిమిషాల్లో జీలకర్ర బెల్లం పెట్టాలి, పెట్టారు. దాంతోపాటు తాళి, తలంబ్రాలు అన్నీ ఆపకుండా ఒకే ఫైలుగా తీశాను. స్టాప్ నొక్కాక ఎర్రలైటు ఆరేదాకా బ్యాటరీ ముట్టుకోవద్దని బావ వందసార్లు చెప్పాడు. కానీ పందిరి వెనక భోజనాల మొదటి బంతి వేస్తున్నారు, ఉద్దానం పనసకాయ కూర వాసన వస్తోంది. లైటు ఇంకా మినుకుమంటుండగానే బ్యాటరీ పీకి జేబులో వేసుకుని పరుగెత్తాను. (కూర బాగుంది. అది కూడా నిజమే.)

నేను రెండోసారి కూర అడిగే వేళకి పందిట్లో గొడవ మొదలైంది. పెళ్లికొడుకు మేనమామ హరిశ్చంద్రపురం వాడు, రోజూ పాసింజరు ఎక్కి పలాసలో ఉద్యోగానికి వచ్చేవాడు. ఆయన ఎడమచెయ్యి అందరికీ కనబడేలా పైకెత్తి, "జీలకర్ర బెల్లం ఎట్టేసరికి నా వాసీలో పది నలభై ఏడు. ముహూర్తం దాటిపోనాది" అన్నాడు. "పంతులుగారు సూసుకోకుండా ఎట్టిస్తారేటి బావగారూ" అని అమ్మాయి తండ్రి. మాటా మాటా పెరిగి, చివరికి పెద్దలు తీర్పు చెప్పారు: "కేమెరాలో టైము ఉంటాది కదా, అదే సెప్తాది. అందాకా పిల్ల ఇక్కడే ఉంటాది. దాటిపోతే మంచిరోజు సూసి మళ్లీ సేయిద్దాం." ఆ సాయంత్రం పెళ్లికొడుకు ఒక్కడే బారువ వెళ్లిపోయాడు.

మర్నాడు షాపులో ఫైలు తెరవబోతే తెరుచుకోలేదు. ఎందుకో నాకు తెలుసు. కెమెరా బొమ్మల్నీ శబ్దాన్నీ వరసగా రాసుకుంటూ పోతుంది. స్టాప్ నొక్కాక, ఎర్రలైటు మినుకుమనే ఆ నాలుగు క్షణాల్లో, ఏ బొమ్మ ఎక్కడుంది, ఎన్నో సెకనులో రావాలి అని చివర ఒక పట్టిక రాస్తుంది. ఆ పట్టిక రాసే వేళకి నేను బంతిలో ఉన్నాను. పెళ్లంతా కార్డులోనే ఉంది, దారి మాత్రం లేదు. బావ నా వెనక నిలబడి, "బేటరీ ఎప్పుడు తీసినావురా" అన్నాడు. "లైటు ఆరినాకే బావా." "పనసకాయ కూరకి ముందా, తరవాతా?"

పదింటికల్లా పెళ్లికొడుకు మోటారుసైకిలు మీద దిగాడు. "గురూ, ఏటయ్యింది?" "కంప్యూటరు సూత్తంది." మర్నాడు మళ్లీ వచ్చాడు. "ఇంకా సూత్తందా?" "ఇంకా సూత్తంది." అతను కూర్చోలేడు, నేను కూర్చోలేను. ఆ చిన్న షాపులో అతను అటూ నేను ఇటూ తిరుగుతూ మధ్యలో గుద్దుకునేవాళ్లం. "ఇది షాపేట్రా, లెవిల్ క్రాసింగా" అని బావ విసుక్కున్నాడు. అప్పుడు పెళ్లికొడుకు నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "మళ్లీ ముహూర్తం అంటే ఆషాడం దాటాలంట గురూ" అన్నాడు. నేను తిరగడం ఆపి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

పట్టిక లేకపోతే పట్టిక రాసే ప్రోగ్రాము రాద్దామనుకున్నాను. ప్రతి బొమ్మ ముందూ దాని పొడవెంతో నాలుగు బైట్లలో ఉంటుంది. పొడవు చదివి, అంత దూరం గెంతితే తరవాతి బొమ్మ మొదలు. మొదటిరోజు ఆ నాలుగు బైట్లనీ తిరగేసి చదివాను. ఒక్క గెంతుకే ఫైలు అవతల పడ్డాను. రెండోరోజు శబ్దం ముక్కల్ని కూడా బొమ్మలనుకున్నాను. పెళ్లికూతురు మొహం పచ్చగా మారి నాలుగు ముక్కలైంది. (అది చూసి పెళ్లికొడుకు బయటికెళ్లి సోడా తాగొచ్చాడు.) మా వీధి చివర జీడిపప్పు ఏరే ఆడవాళ్లు గుండూ బద్దా వేరుచేసినట్టు శబ్దాన్నీ బొమ్మల్నీ విడదీసే సరికి మూడోరోజు మధ్యాహ్నమైంది. సెకనుకి ఇరవై అయిదు బొమ్మలుండాల్సిన చోట ముప్పై అని వేశాను. పంతులుగారు రైలుకి టైమైనట్టు అక్షింతలు చల్లేశారు, సన్నాయి మాత్రం నింపాదిగా వెనకాల వచ్చింది. అదీ సరిచేశాను. పెళ్లి పెళ్లిలా నడిచింది. తెర మూల గడియారం అంకెలు కూడా తిరగడం మొదలెట్టాయి. మూడు రోజుల్లో నేను కుర్చీలోంచి లేచింది అన్నానికే, అదీ కూర్చునే తిన్నాను. మా అక్క భయపడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

నాలుగోరోజు కంప్యూటరు ఆటోలో ఎక్కించుకుని జలంత్రకోట వెళ్లాం. వరండాలో అందరూ చేరారు. జీలకర్ర బెల్లం నెత్తిన పడగానే బావ ఆపాడు. తెర మూల పది ముప్పై ఏడు. అమ్మాయి తండ్రి కండువాతో మొహం తుడుచుకున్నాడు. మేనమామ మాత్రం కదల్లేదు. "కంప్యూటరు ఏటైనా సెప్తాది. నా వాసీ అబద్దం సెప్పదు."

అప్పటిదాకా నోరు విప్పని పెళ్లికూతురు గుమ్మంలోంచి అడిగింది. "మావయ్యగారూ, తవరు రోజూ పాసింజరుకి ఎల్తారు కదా. వాసీ ముందుకెట్టుకుంటారా?"

"ఎట్టుకోకపోతే రైలు దొరుకుతాదేటి తల్లీ. ఓ పది నిమిసాలు ఎట్టుకుంటాను. ఈ లైను మీద ఎవులు ఎట్టుకోరు?"

అన్నాక ఆయనే తన చెయ్యి చూసుకున్నాడు. "మరి పెళ్లిరోజు ఆ పదీ తీసేసినారా బావగారూ" అన్నాడు అమ్మాయి తండ్రి, ఎంతో మర్యాదగా. "రైలెక్కే రోజైతే మనసులో తీసేత్తాను" అన్నాడు మేనమామ. ముందు నవ్వింది ఆయనే. నలభై ఏడులోంచి పది తీసేస్తే ముప్పై ఏడు. ఆ లెక్క ఎవరైనా పైకి చెప్పేలోగా బయట మోటారుసైకిలు స్టార్టయింది. "పెట్టె తరవాత పంపండి" అన్న పెళ్లికూతురి మాట గేటు అవతల్నించి వినబడింది.

ఇప్పుడు నాకు మోకాళ్ల నొప్పులు. డాక్టరు నడవమంటే కూర్చుంటున్నాను. కూర్చున్నప్పుడల్లా ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడు మూడు రోజులు కదలకుండా కూర్చుని కట్టిన పట్టిక, ఆ గెంతులు, ఆ ఇరవై అయిదు బొమ్మలు, అన్నీ నిజమే. కానీ ప్రమాణం చేశాను కాబట్టి ఒప్పుకోవాలి: రికార్డింగు ఏ గంటకి మొదలైందో ఆ రాయని పట్టికతోనే పోయింది. మిగిలిన ఫైలు ఎన్ని సెకన్లు గడిచాయో చెబుతుంది, అప్పుడు టైమెంతో చెప్పదు. పది ముప్పై ఏడు నేను కొట్టిన అంకె. ముహూర్తానికి సరిగ్గా నడిమధ్యన ఉందని కొట్టాను.

ఇంకొకటి. మేనమామ ఆరోజు పది నిమిషాలు అనలేదు. లెక్క కుదురుతుందని ఇందాక నేనే పది చేశాను. ఆయన అన్నది పావుగంట. నవ్వుల్లో ఎవరూ తీసివేత చెయ్యలేదు. మీరు చేసుకుంటే చేసుకోండి గానీ, ఆ జవాబు పట్టుకుని బారువ వైపు మాత్రం వెళ్లకండి. వాళ్ల పెద్దమ్మాయికి ఈ ఏడు పదో తరగతి పరీక్షలు.