మడ ఆకుల మీది తెలుపు

సారయ్యది పరకాల దగ్గరి పల్లె. తండ్రికున్న రెండెకరాలు ఉప్పు తేలి చవుడుబారి, నాటిన వరి నాటినట్టే మాడిపోయేది. అందుకే వరంగల్ వచ్చి ఒక కాలేజీలో రోజుకూలీ మీద తోటమాలిగా కుదిరాడు. చెట్టుకు ఉప్పు పడదని అతనికి ఒకరు పాఠం చెప్పనక్కర్లేదు.

1981లో వృక్షశాస్త్రం చెప్పే మార్తమ్మ కాకినాడ తీరం నుంచి నలభై మడ మొక్కలు తెచ్చి, రేకుల షెడ్డులో కుండీల్లో పెట్టింది. రోజూ ఉప్పునీళ్లు పోయమంది. సారయ్యకు మనసొప్పలేదు గాని కొలిచి మరీ పోశాడు. చెప్పిన పని చెయ్యడంలో అతనికి వంక పెట్టడానికి లేదు. చిక్కంతా చెప్పని పనితో వచ్చింది.

మడ వేళ్లు చాలా ఉప్పును బయటే ఆపేస్తాయి. లోపలికి చొరబడిన కాస్తనూ ఆకులు బయటికి నెట్టేస్తాయి. అలా నెట్టిన ఉప్పును తూచడమే మార్తమ్మ పరిశోధన. ప్రతి సోమవారం పదింటికి వచ్చి ఆకులు కడిగి, ఆ నీళ్లు ఇగిరించి చూసేది. మిగిలేది లెక్కలోకి రానంత. ఎనిమిది నెలలు ఇలాగే గడిచాయి. ఈ నేలకొచ్చి మొక్క తన గుణం మరిచిందని రాసెయ్యమన్నాడు ఆమె ప్రొఫెసరు. ఆమెకు నమ్మకం లేదు, అయినా రాయడానికి సిద్ధపడింది.

మార్తమ్మ కుండీలు పారెయ్యమన్న రోజున సారయ్య కదల్లేదు.

"ఎందుకు మేడం? మంచిగనే ఉన్నయి గదా."

"ఆకులు ఉప్పు కక్కుతలేవు సారయ్యా. తెల్లగ పేరుకోవాలె. ఒక్కనాడన్న పేరుకుందా?"

సారయ్య షెడ్డులో తీగ మీద ఆరేసిన గుడ్డ వైపు చూశాడు. ఆ తెలుపు రోజూ తెల్లారేసరికి ఆకుల మీద ఉండేది. అతను బూడిద తెగులనుకున్నాడు. తన చేతి కింద మొక్కలకు తెగులొచ్చిందంటే పని ఊడుతుందని, మేడం రాకముందే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేవాడు. ఇప్పుడు చెబితే ఆ పని ఊడడం ఖాయం. చెప్పకపోతే ఆమె లేనిది రాస్తుంది. భయపడుతూనే చెప్పాడు.

"చెట్ల తప్పు గాదు మేడం. పొద్దుగాల నేనే తుడుత్తాన."

తీగ మీది గుడ్డ తెచ్చి చేతికిచ్చాడు. అది ఉప్పు పట్టి అట్టలా బిగుసుకుపోయింది. మార్తమ్మకు ఒళ్లు మండింది. ఎనిమిది నెలల పని ఆ గుడ్డలో ఉంది. దాన్ని తన సంచిలో పెట్టుకుంది.

"మళ్ల మొదటినుంచి చేద్దాం. నీళ్లు నువ్వే పొయ్యి. గుడ్డ మాత్రం నా దగ్గరుంటది," అంది.

నాలుగో రోజు పొద్దున ఆకులన్నీ ఉప్పు రవ్వతో మెరిశాయి. మార్తమ్మ తూకానికి కావలసిన ఆకులు కడుక్కునేదాకా ఆగి, సారయ్య కడగని ఒక ఆకు మీద వేలు రాసి నాలుకకు తగిలించుకున్నాడు.

"మా నాయిన వరికి ఈ ఉప్పు కక్కే ఇకమతు తెల్వకపాయె మేడం," అన్నాడు. "తెలిసుంటే నేనీడికి వచ్చెటోణ్నే గాదు."