చూశానని పెట్టిన సంతకం

నాకు నోటికంటే ముందు చెయ్యి లేస్తుంది. తెనాలిలో మా మోటార్ వైండింగ్ షాపు ఉన్న వీధి వీధంతటికీ ఈ సంగతి తెలుసు. పోయిన వారమే మా దగ్గర చుట్టించానని అబద్ధమాడి కాలిన మోటార్ తెచ్చిన ఒకాయన్ని కాలర్ పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చాను. అందుకు నేనేమీ బాధపడలేదు. బాధపడిన దెబ్బ ఒక్కటే. అది రేపల్లె దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద కొట్టాను.

బాపట్లలో ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగానికి పోకుండా షాపులోనే కూర్చున్నవాణ్ణి. చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గగానే, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరిగేలా ఒక ప్రోగ్రాం రాశాను. ఎవరైనా వాడుకోండి, ఎవరైనా దిద్దండి అని ఇంటర్నెట్‌లో పెట్టేశాను. నాతో చదివినవాళ్లు కొందరు, నేను ముఖమైనా చూడనివాళ్లు కొందరు దాన్ని దిద్దుతూ వచ్చారు. రేపల్లె నుంచి నగరం అనే ఊరికి వెళ్లే దారిలో చెరువున్న ఒక రైతు, నేను బాబాయ్ అని పిలిచే ఆయన, అందరికంటే ముందు పెట్టించుకున్నాడు. ఆ ప్రోగ్రాం నడిచే డబ్బా గట్టు మీదికి వచ్చాక ఆయన కాపలా మనిషి స్విచ్చు ముట్టుకోవడమే మానేశాడు.

ఒకరోజు బెంగళూరు నుంచి అట్టపెట్టె వచ్చింది. మేము వాడే ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే కంపెనీ ఇరవై బోర్డులు ఊరికే పంపింది. అంతేకాదు, తమ ఇంజినీరు ఒకడు వారానికి రెండు రోజులు మా ప్రోగ్రాం మీదే పనిచేస్తాడంది. ఊరికే ఎవడిస్తాడని ఆ ఇంజినీరునే ఫోన్లో నిలదీశాను.

"ఊరికే కాదన్నా. మీ ప్రోగ్రాం బాగుంటే మా బోర్డు పది చోట్ల అడుగుతారు. కానీ ప్రోగ్రాం మీదే, మాది కాదు," అన్నాడతను.

ఆ మాట నాకు నచ్చింది.

కరెంటు పోయి వచ్చినప్పుడు మోటార్లు కాలకుండా అతనొక మార్పు రాశాడు. కరెంటు మూడు ఫేజులూ సరిగ్గా ఉంటేనే మోటార్ తిరగాలి. రాసినవాడు కాక ఇంకొకరు పరీక్షించి, చూశానని పేరు పెడితేనే ఏ మార్పయినా లోపలికి వెళ్లాలన్నది మా అందరి కట్టుబాటు. చెరువు దగ్గర నిజం మోటార్ మీద ఒకసారి చూడన్నా అని అతను రాశాడు. నేను షాపులోనే చూశాను. వైండింగ్ షాపులో దేన్నయినా బల్బు పెట్టే చూస్తాం. వెలిగితే బాగున్నట్టే. మా షాపులో ఉన్నది ఒకటే ఫేజు కాబట్టి మూడు వైర్లూ కలిపి దానికే చుట్టి, మోటార్ బదులు బల్బు తగిలించాను. బల్బు వెలిగింది. చూశానని పేరు పెట్టి, ఆ మార్పును ఫోన్లోంచే బాబాయ్ డబ్బాలోకి పంపి టీకి వెళ్లాను.

ఆ నెల్లోనే మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ ఇంజినీరు చెరువు చూడాలని తెనాలి వచ్చాడు. సన్నగా, కళ్లజోడుతో, ప్రతిదానికీ నవ్వుతూ ఉన్నాడు. మధ్యాహ్నం బండి మీద ఎక్కించుకుని బాబాయ్ చెరువుకు తీసుకెళ్లాను.

గట్టు మీద అప్పటికే బాబాయ్‌తో పాటు పదిమంది ఉన్నారు. రొయ్యలు అంచుకు కొట్టుకొచ్చి కుప్పలుగా చస్తున్నాయి. కొంగలు వాటి మీద పడి పొడుస్తున్నాయి. ఏరేటర్లు తిరగడం లేదు. పొద్దున కరెంటు పోయి వచ్చిందట. డబ్బా తెరిచి చూశాను. మా వైపు మూడు ఫేజులూ ఒక్కసారే రావు, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మొదటిసారి లెక్క తప్పగానే ప్రోగ్రాం ఆగిపోయి మళ్లీ ప్రయత్నించలేదు. ఇక్కడ ఒక్కసారి పరీక్షించి ఉంటే తెలిసేది.

"ఏంట్రా ఇది? ఎవడు రాశాడు దీన్ని?" బాబాయ్ నా మెడ పట్టుకున్నాడు.

"ఈయనే," అన్నాను.

అంటూనే ఇంజినీరు మొహం మీద గుద్దాను. కళ్లజోడు పగిలి చెంపలో దిగింది. కోపంతో కొట్టానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. కోపం కాదు, భయం. నేను కొట్టకపోతే నన్ను కొడతారు. మొదటి దెబ్బ నాది కాబట్టి రెండోది ఎవరూ ఆపుకోలేదు. వెదురు గడలతో వీపు మీద, కాళ్ల మీద బాదారు. ఒకడు బురదలోకి తోసి మొహం నీళ్లలోకి అదిమాడు. ఇంకొకడు డబ్బా పీకి, లేవబోతున్న అతని చేతి మీద వేసి తొక్కాడు. వేళ్లు విరిగిన చప్పుడు నేను విన్నాను. చూశానన్న మాట పక్కన నా పేరుంది. అది కనిపించే ఫోను అతని జేబులోనే ఉంది. తీసి చూపిస్తే చాలు, గడలు నా మీదికి తిరిగేవి. అతను చూపించలేదు. చివరికి కాపలా మనిషి ఏడుస్తూ అతని మీద పడి ఆపాడు.

తెనాలి ఆసుపత్రిలో రెండు వేళ్లకు కట్లు కట్టారు. కేసు పెట్టమని, ఈ పని వదిలేయమని కంపెనీ వాళ్లు అతనికి ఫోన్ చేశారు.

"రెండూ వద్దు సార్. తప్పు ఇంకా దిద్దలేదు," అన్నాడు వాచిన నోటితో.

ఎందుకు చూపించలేదని అడిగాను. "నిన్ను చంపేసేవాళ్లన్నా," అన్నాడు.

ఆ సాయంత్రమే బాబాయ్ ఇంటికెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొడతాడనుకున్నాను. ఆయన పీట మీద కూలబడ్డాడు.

"పరాయి ఊరోణ్ణి నాతో కొట్టించావ్. నా చెరువు మీద కాలు పెడితే ఆ కాలు విరగ్గొడతా," అన్నాడు. మర్నాడు ఆసుపత్రికి వెళ్లి ఆ కుర్రాడి కాళ్లు పట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

బోర్డులిచ్చే కంపెనీలు, మనుషుల్నిచ్చే కంపెనీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాళ్లు ఎంతిచ్చినా, మన చెరువు దగ్గర నిలబడి చూడాల్సింది మనమే. ఆ ఒక్క పనీ నేను ఎగ్గొట్టాను.

రెండు నెలలకు అతను మార్పు దిద్దుకుని, కొత్త డబ్బాతో మళ్లీ వచ్చాడు. వంకర తిరిగిన వేళ్లతో డబ్బా పట్టుకుని గట్టు దిగాడు. నేను రోడ్డు మీద బండి దగ్గరే ఆగిపోయాను. కాసేపటికి ఏరేటర్ల చప్పుడు వినిపించింది. ఫోన్ మోగింది.

"తిరుగుతున్నాయన్నా. పేరు పెట్టెయ్."

"నేను చూళ్లేదు. పెట్టను."

అవతల ఫోన్ చేతులు మారింది. తర్వాత బాబాయ్ గొంతు వచ్చింది.

"వచ్చి చూసి చావు."

గట్టు దిగగానే వెదురు గడతో వీపు మీద ఒక్కటి పడింది. ఊపిరి ఆడలేదు. నేను నిటారుగా నిలబడేదాకా ఆగి, ఆయన మెయిన్ స్విచ్చు చూపించాడు.

"తియ్యి. మళ్లీ వెయ్యి. ఈసారి కళ్లు పెట్టి చూడు."