జహనుమా బోరు నీళ్లలో కనిపించని అయాన్

2023లో నేను దబీర్‌పురా రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. జియాలజీ రెండో సంవత్సరం వాళ్లకు నీటి విశ్లేషణ నేర్పే పని నాకు పడింది. రాళ్లంటే ప్రాణం పెట్టే ఆ పిల్లలు బ్యూరెట్‌ని చూస్తే మొహం చిట్లించేవారు.

"పత్థర్ చూపిస్తే పేరు చెప్తం సార్. ఈ నీళ్లతోని మాకేం పని?" అని ఇమ్రాన్ మొదటి రోజే అడిగాడు.

భూమిలో ఎక్కడెక్కడ తిరిగి వచ్చాయో నీళ్లే చెబుతాయన్నాను. ఎవరూ నమ్మలేదు. అందుకే ఎవరింటి నీళ్లు వాళ్లనే తెమ్మన్నాను.

స్వప్న అనే అమ్మాయి జహనుమా బస్తీలోని తమ బోరు నీళ్లు తెచ్చింది. వాళ్లది పాల వ్యాపారం.

"సార్, జర జల్ది చెప్పుండ్రి. మా వదిన సోమవారం నుంచి డ్యూటీకి పోతది. బాబుకు మూడు నెలలే. డబ్బా పాలు ఈ నీళ్లతోనే కలుపుతం, మసలబెట్టి."

"ఇంట్లో మునిసిపల్ నల్లా లేదా?"

"ఉన్నది సార్. మా బాపుకు బోరు మీదనే నమ్మకం."

నీటిలో కరిగిన లవణాలు అయాన్లుగా విడిపోతాయి. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం ధనావేశం ఉన్నవి. క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్ రుణావేశం ఉన్నవి. నీటికి మొత్తం మీద ఆవేశం ఉండదు కాబట్టి రెండు వైపులా లెక్క సమానం కావాలి. దీన్ని అయాన్ బ్యాలెన్స్ అంటాం. అయిదు శాతం వరకు తేడాను ఒప్పుకుంటాం.

స్వప్న లెక్కలో తేడా దానికి ఎన్నో రెట్లుంది. రుణావేశం వైపు బాగా తగ్గింది.

"తక్కువైంది తీస్కపోయి బైకార్బొనేట్ అంకెల కలిపెయ్ యార్, ఎవరు చూస్తరు?" అన్నాడు ఇమ్రాన్.

"నీ రికార్డు గిట్లనే కుదిరిందా?" అని స్వప్న తిప్పికొట్టింది. ఇమ్రాన్ రికార్డు మూసేశాడు.

నేను అనుమానాలు వరుసగా రాసుకున్నాను: యాసిడ్ గాఢత, ఎండ్ పాయింట్‌ని (రంగు మారే క్షణాన్ని) గుర్తించడంలో పొరపాటు, కూడికలో తప్పు. అన్నీ మళ్లీ చేయించాను. తేడా కదల్లేదు. అప్పుడు పొటాషియం అంకె మీద నా కన్ను పడింది. బోరు నీటికి అది చాలా ఎక్కువ.

"మీ బోరు ఎక్కడుంది?"

"బర్ల కొట్టం పక్కన సార్."

"పేడ ఎక్కడేస్తారు?"

"ఆడనే. బోరు ఎన్కకు."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. పశువుల మూత్రంలో పొటాషియం ఎక్కువే. పేడ, మూత్రంలోని నత్రజని నేలలోకి దిగేసరికి నైట్రేట్‌గా మారుతుంది. అది రుణావేశం ఉన్న అయానే. మా ప్రాక్టికల్స్ జాబితాలో దాని పేరే లేదు కనుక మేం కొలవలేదు!

స్పెక్ట్రోఫొటోమీటర్, అంటే ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే యంత్రం, దగ్గరికి ముగ్గురం దాదాపు పరిగెత్తాం. మొదటి రీడింగ్ యంత్రం హద్దు దాటిపోయింది. పలుచన చేసి మళ్లీ పెట్టాం. వచ్చిన నైట్రేట్‌ని స్వప్న లెక్కలో వేసింది.

"కుదిరింది సార్! కుదిరింది!"

ఇమ్రాన్ బల్ల మీద దరువేశాడు. నేను కూడా అరిచాననుకుంటాను. అంతలో స్వప్న నైట్రేట్ అంకె మీద వేలు పెట్టింది. ఆ అంకె తాగునీటి హద్దుకు చాలా పైన ఉంది. పసిపిల్లల్లో నైట్రేట్ రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుందని ఆ వారమే పాఠంలో చెప్పాను.

వాళ్ల నాన్నకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. నేను వివరించాను.

"ఇన్నేండ్ల సంది తాగుతున్నం, మాకేమైంది సార్? అయినా మసలబెడితే అన్నీ చస్తయ్ గద."

"క్రిములు చస్తాయండీ. నైట్రేట్‌కి ప్రాణం లేదు, చావదు."

"గట్లనా. అయితే ఇంకింత సేపు మసలబెడ్తం."

నేను ఫార్ములా చెప్పబోయాను. స్వప్న ఫోన్ లాక్కుంది.

"బాపు, పాలు మస్తుసేపు కాస్తే ఏమైతది?"

"కోవా అయితది. గదేం ప్రశ్నే?"

"నీళ్లు ఆవిరైపోతయ్, ఉన్నదంత చిక్కగైతది. ఇది గూడ గంతే. ఎంత కాస్తే గంత చిక్కగైతది."



"అంటే... పోరనికి నీళ్ల కోవా పోద్దామనుకున్నమా?"

"అవ్ బాపు."

"వొద్దు బిడ్డా. మీ వదినకు చెప్త, నల్లా నీళ్లే పట్టుమంట."

అప్పటిదాకా లెక్క కుదరకపోవడమంటే నాకు మార్కులు తగ్గించాల్సిన తప్పు. ఇప్పుడు కుదరని రికార్డు బల్ల మీదికి వస్తే మార్కులేసే పెన్ను పక్కన పెడతాను. ముందు ఆ పిల్లల్ని కూర్చోబెట్టి, నీళ్లు ఎక్కడివో, ఆ చుట్టుపక్కల ఏముందో అడుగుతాను.